రెండోది ఉండాలె

తిరుమలగిరిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కంప్యూటర్లు చూసుకునే జెరెమియా ఏ వస్తువునూ ఒంటరిగా నమ్మడు. జేబులో రెండు పెన్నులు, సంచిలో రెండు గొడుగులు, ముక్కు మీద ఒక కళ్లజోడు, నుదుటి మీద ఇంకొకటి. అల్వాల్‌లోని ఇంటి రెండో తాళంచెవి పదకొండేళ్లుగా ప్యాంటు జేబులోనే ఉంది. "రెండోది ఉండాలె" అంటాడు, ఎవరూ అడగకపోయినా. రోజూ సెంటర్ పని ఆగకుండానే డేటాబేస్ బ్యాకప్ తీసి, డిస్కును బీరువాలో పెట్టి, తలుపును ఒకసారి తట్టి వెళ్తాడు.

మొన్న మంగళవారం పొద్దున్నే డేటాబేస్ పాడైంది. రక్తమివ్వడానికి పరగడుపున వచ్చినవాళ్లు కౌంటర్ ముందు నీరసంగా నిలబడ్డారు. జెరెమియా పెళ్లికొడుకులా నడిచొచ్చి డిస్కు పెట్టాడు. బ్యాకప్ ఎక్కింది గానీ తెరుచుకోలేదు. బ్యాకప్ తీస్తున్న అరగంటలో జరిగిన మార్పులు నమోదైన లాగ్ ఫైలు కూడా కావాలంది కంప్యూటర్.

"లాగ్ ఫైళ్లు ఏవి సార్?" అంది పక్క సీటు హిమజ.

"బ్యాకప్ అయిపోంగనే తీసేస్తా. ఉత్తగ జాగ తింటయ్."

"బ్యాకప్ ఎన్నడన్న తెరిచి చూసిన్రా?"

జెరెమియా కళ్లజోళ్లు రెండూ తీసి తుడిచాడు. రీసైకిల్ బిన్ ఖాళీ చేయడానికి అతనికి ఏనాడూ మనసొప్పలేదు కాబట్టి ఫైలు అక్కడే దొరికింది. పదకొండింటికి జనం రక్తమిచ్చి టిఫిన్‌కు పరిగెత్తారు.

సాయంత్రం ఇంటికొచ్చి, తెరిచి ఉన్న తలుపుకే ఆ రెండో తాళంచెవి పెట్టాడు.

"నేను ఇంట్లనే ఉన్న గదా, తాళంతోని ఏం పని?" అంది భార్య సువార్త.

చెవి సగం దూరి ఆగిపోయింది.

"అది పాత తాళంది. మార్చి ఏడేండ్లయింది."

జెరెమియా దాన్ని కాసేపు చూసి, జాగ్రత్తగా మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.