తెర మీద పచ్చరంగు, గట్టు మీద మావయ్య

ఇవాళ తెల్లవారుజామున ముసురు చప్పుడుకు మెలకువ వచ్చి, చెయ్యి దానంతటదే ఫోను మీదికి వెళ్లింది, ముదినేపల్లి నుంచి మా మావయ్య చేశారేమోనని. ఇది నాకు ఎప్పుడో అంటుకున్న అలవాటు. చెబితే మన ఈడువాళ్లకే అర్థమవుతుంది.

అప్పట్లో మా ఆఫీసు ఏలూరు స్టేషను దగ్గర ఒక మేడ మీది గది. ఉన్న ఒక్క కిటికీ తీస్తే ఎదురుగా పక్కింటి గోడ. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోనుకు మెసేజ్ పంపే ప్రోగ్రాము రాసేవాళ్లం. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లారుతుండగా ఆక్సిజన్ పడిపోతుంది, అప్పుడు నీళ్లను చిలికే ఏరియేటర్లు వెంటనే వేయకపోతే చేపలన్నీ చచ్చి తేలతాయి. కౌలుకు చెరువు చేస్తున్న మావయ్యకేమో ఆయాసం, చలిలో గట్టు మీద పడుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. మెసేజ్ వస్తుందన్న నా మాట నమ్మి ఆయన ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టారు.

ఒక ముసురు రోజు పొద్దున్నే ఫోను చేశారు. మెసేజ్ విజయవాడలో ఉండే చెరువు యజమానికి వెళ్లిందట, ఆయన నిద్రలేచి చెప్పేసరికి కొన్ని చేపలు పోయాయట. "పర్లేదులే అమ్మాయ్, ఇవాళ్టి నుంచి గట్టు మీదే పడుకుంటాలే" అన్నారు, కోపమన్నది లేకుండా. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రంలోగా సరిచేస్తాను, వెళ్లొద్దని చెప్పి కూర్చున్నదాన్ని, ఇక ఆ కుర్చీలోంచి లేవలేకపోయాను.

ప్రోగ్రాము సరిగ్గా ఉందో లేదో చెప్పే టెస్టులు చూస్తే అన్నీ పాసైనట్టు పచ్చగా నవ్వుతున్నాయి. నవ్వక ఏం చేస్తాయి? రైతుల వివరాలుండే అసలు డేటాబేస్‌ను కదపకుండా, దాని బదులు మేమే రాసిపెట్టుకున్న ఉత్తుత్తిదాన్ని అడిగేవాళ్లం, దాన్నే మాక్ అంటారు, అది మేము నేర్పిన జవాబే మాకు అప్పజెప్పేది. అందులో చెరువుకు ఒకే మనిషి, ఒకే ఫోను. మా వైపు చెరువు ఒకరిది, సాగు ఇంకొకరిది అని చంటిపిల్లలకైనా తెలుసు కదా, ఆ మాక్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు. యజమానినీ కౌలుదారునూ విడివిడిగా అందులో పెట్టగానే టెస్టు ఎర్రబడింది, తప్పు దొరికింది. ఆ ఎరుపు చూసి నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. మెసేజ్ కౌలుదారుకు వెళ్లేలా మార్చాక మళ్లీ పచ్చబడింది.

హమ్మయ్య అనుకునేలోపు, అందరి కోడునూ కలిపి దాచే గిట్ నాది కలపనని మొండికేసింది. మా సీనియర్ అంతకుముందే అవే లైన్లను, మెసేజ్ తెలుగులో వెళ్లేలా మార్చి, తాడేపల్లిగూడెంలో పెళ్లికి వెళ్లిపోయారు. ఆయనది ఉంచితే మావయ్య గట్టు మీదికి వెళ్లాలి, నాది ఉంచితే ఇంగ్లీషు రాని రైతులకు ఆ మెసేజ్ ఉన్నా లేనట్టే. సీనియర్ చూస్తే ఫోను ఎత్తరు. క్యారేజీ విప్పలేదు, కిటికీలో గోడ తప్ప ఏమీ లేదు, పొద్దు వాలిపోతోంది, ఊపిరాడనట్టయింది. చివరికి సన్నాయి మోతలోంచి ఆయన గొంతు వినబడింది. "ఏవండీ, ఏదీ తీసెయ్యకండి, రెండూ ఉండాలండీ!" లైను లైనుకూ ఆగి రెండింటినీ కలిపి, చీకటి పడేలోగా పంపించాను.

మర్నాడు తెల్లారకుండానే మావయ్య ఫోను. "మెసేజ్ వచ్చిందమ్మా, ఏరియేటర్లు వేసేశాను." ఆ తరవాత మెసేజ్ వచ్చిన ప్రతిసారీ, అది వచ్చిందని చెప్పడానికి ఆయన నాకు ఫోను చేసేవారు. నిద్ర చెడగొడుతున్నారని విసుక్కునేదాన్ని కూడా.

ఇప్పుడు ఆక్సిజన్ తగ్గితే ఏరియేటర్లు వాటంతటవే తిరుగుతాయి, ఎవరినీ లేపక్కర్లేదు. ఆ మార్పు రాసిందీ నేనే, టెస్టులన్నీ పాసయ్యాయి. మావయ్య హాయిగా నిద్రపోతున్నారు, అంతకన్నా ఏం కావాలి? ఆ గదిలోంచి ఎప్పుడు బయటపడతానా అనుకున్నదాన్ని, ఇప్పుడు ఇంట్లోంచే పని, తలుపులు తెరిచే ఉంటాయి. అయినా ఇవాళ, బాగా తెల్లారేదాకా, ఫోను ఒళ్లో పెట్టుకుని మంచం మీదే కూర్చుండిపోయాను.