నివాసమనే మాటకు అర్థం

అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో వారపత్రికకు ముప్ఫై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషి హిల్యా పెల్కోలా. పొల్లు కూడా జారనివ్వదని పేరు. అందుకే రాడ్నీ కేసులో తీర్పు తేల్చడానికి కోర్టు పిలిచిన ఊరివాళ్లలో మిగతా పదకొండు మంది జ్యూరర్లూ ఆమెనే జ్యూరీ పెద్దగా కూర్చోబెట్టారు.

రాడ్నీ లఫ్రెనియే చెట్లు కొట్టే పని పోగొట్టుకున్నవాడు. జనవరి మంచులో అడవిలోని ఓ చెక్క గుడిసె తాళం పగలగొట్టి, డబ్బాలోని చిక్కుళ్లు తిని, రెండు దుప్పట్లు పట్టుకుపోయాడు. ఆ మాట తానే ఒప్పుకున్నాడు. తేలాల్సిందల్లా ఆ గుడిసె నివాసమా, కాదా అన్నదే. నివాసమైతే నేరం పెద్దది. శిక్ష ఎంతో జ్యూరీకి చెప్పరు.

జడ్జి ఇచ్చిన సూచనల్లో అర్థం రాసి ఉంది. హిల్యా పైకి చదివింది. "నివాసమంటే మనిషి శాశ్వతంగా గానీ తాత్కాలికంగా గానీ ఉండడానికి వాడుకునే కట్టడం."

"వాడుకునే అన్నాడు, వాడుకున్న అనలేదు," అన్నాడు టోయివో. పడవలు బాగుచేసే ముసలాయన. "ఆ గుడిసె ఆసామి పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడక్కడ ఉడుతలు కాపురముంటున్నాయమ్మా."

"మంచముంది, పొయ్యుంది. తాత్కాలికంగా అని రాసుంది కదయ్యా," అంది హిల్యా.

ఏ అర్థం తీసుకోవాలని అడుగుతూ జడ్జికి చీటీ పంపారు. సూచనలు మళ్లీ చదువుకోండని జవాబొచ్చింది. హిల్యా మళ్లీ చదివింది, 'తాత్కాలికంగా' అన్న మాట ఒత్తి పలుకుతూ. పన్నెండు మందీ ఒక్క మాట మీదికి వస్తే గానీ తీర్పు కాదు; రెండో రోజు మధ్యాహ్నానికి ఒప్పుకోనిది టోయివో ఒక్కడే. అతను గడియారం చూసుకున్నాడు. భార్యను డయాలిసిస్‌కు తీసుకెళ్లాలి. "సరే, నీ చదువు ముందు నేనెంత? నివాసమనే రాసుకో," అన్నాడు.

మూడు వారాల తర్వాత కోర్టు వార్తల ప్రూఫు ఆమె బల్ల మీదికి వచ్చింది. పాత కేసులు కూడా ఉండడంతో రాడ్నీకి ఆరేళ్లు పడ్డాయి. ఏడెనిమిది నెలలు పడుతుందేమో అనుకుంది హిల్యా. అంకె తప్పు పడిందేమోనని కోర్టుకు ఫోన్ చేసి అడిగింది. తప్పు పడలేదు.

ఆ తర్వాతే ఆమె 'వాడుకునే' అన్న మాట దగ్గర ఆగింది. టోయివో చెప్పింది ఆ మాటే. రాడ్నీ వకీలు దగ్గరికి వెళ్లింది.

"ఇప్పుడు మీ మనసు మారితే తీర్పు మారదండీ," అన్నాడాయన.

వసంతంలో జైలుకు వెళ్లింది. రాడ్నీ ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. "తీర్పు చెప్పింది నువ్వే కదూ. ఆ నివాసం సంగతేంటో నాకు సరిగా బోధపడలేదు. ఇంకోసారి చెప్పు."

కంఠతా వచ్చిన వాక్యం అప్పజెప్పింది.

"అక్కడ పడుకుంటే కప్పు చిల్లుల్లోంచి మొహమ్మీద మంచు రాలేది," అన్నాడు. "అందుకే దుప్పట్లు పట్టుకుని వచ్చేశా."

"నేను తప్పు చదివాను రాడ్నీ."

"ఎవరో ఒకరు చదవాలిగా." అతను గోడ వైపు చూశాడు. "మా చెల్లికి ఉత్తరం రాసిపెడతావా? నాకు రాత సరిగా రాదు."

రాసిపెట్టింది. ఐదేళ్ల పాటు నెలనెలా వెళ్లి రాసింది. చెల్లెలి దగ్గర్నుంచి రెండే జవాబులు వచ్చాయి. ఏడాది ముందే విడుదలయ్యాక రాడ్నీ ఆ ఊరి వైపు రాలేదు. అతను వస్తాడేమోనని హిల్యా ఎదురుచూడలేదు కూడా; రమ్మని అడిగే హక్కు తనకు లేదనుకుంది. మళ్లీ జ్యూరీకి పిలుపొచ్చినప్పుడు మాత్రం వెళ్లింది. ఈసారి పెద్దగా ఉండమంటే ఒప్పుకోలేదు.