ఇటలీ బండి, నిమ్‌పురా చెయ్యి

ఫణీంద్రకి ఈ మధ్య బోల్టు బిగించినా ఆయాసమే, విప్పినా ఆయాసమే. అరవై రెండు నిండాయి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా వ్యాగన్ల కింద దూరి, లేచి, మళ్ళీ దూరి, చివరికి రిటైరై దండా శాలువా వేయించుకుని ఇంటికొచ్చినవాడు హాయిగా కూర్చోవచ్చు. కూర్చుంటే నడుము పట్టేస్తుందని నిమ్‌పురాలో ఇంటిపక్కనే రేకుల షెడ్డు వేసి మోటార్‌సైకిళ్ళు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఇప్పుడు పనిచేస్తున్నా నడుము పట్టేస్తూనే ఉంది. ఆ సంగతి భార్య సత్యవాణి రోజుకొకసారి గుర్తు చేస్తుంది, ఆయన రోజుకొకసారి విననట్టు ఊరుకుంటాడు.

ఊరుకోవడం ఆయనకి అలవాటే. తనతో చేరినవాళ్ళు ఒక్కొక్కరే సూపర్‌వైజర్లయి కుర్చీల్లోకి వెళ్ళిపోయారు. పరీక్ష పెట్టినప్పుడల్లా ఫణీంద్ర రాతలో తప్పాడు. చేతిలో మాత్రం ఏనాడూ తప్పలేదు. ఆయన బిగించిన బోల్టు ఊడి వచ్చిందన్న మాట వర్క్‌షాపులో ఎవరూ వినలేదు. పానా మీద చెయ్యి వేసి, ఇక చాలనిపించాక ఇంకొక్క పావు తిప్పు తిప్పేవాడు. ఆ పావు తిప్పే ఆయన పేరు. నిమ్‌పురాలో తెలుగువాళ్ళే కాదు, బెంగాలీలు కూడా ఫణీదా చెయ్యి పడితే చాలు, ఇంక చూసుకోనక్కర్లేదు అనేవాళ్ళు. కుర్చీ రాలేదన్న దిగులుకి ఆయన ఈ ఒక్క మాటతోనే సర్దిచెప్పుకుంటూ వచ్చాడు.

ఇక షెడ్డులో మూలనున్న ఆ ఎర్ర ఇటలీ బండి సంగతి. అది మౌనికది. ఆయనతో పాతికేళ్ళు పక్కపక్కనే పనిచేసి కాలం చేసిన వెంకటరావు కూతురు మౌనిక. ఇప్పుడు గూడ్సు బళ్ళ మీద అసిస్టెంట్ లోకో పైలట్. ఇంకొకరు తోలుతుంటే పక్కన నిలబడి సిగ్నళ్ళు చదివి చెప్పే ఉద్యోగం. తన బండి తనే తోలుకుంటూ, ఏ సిగ్నలూ లేని దారిలో దూరం పోవాలని ఆ పిల్ల కలకత్తాలో ఎవరో వదిలించుకుంటున్న మోటార్‌సైకిల్‌ని కొనుక్కొచ్చింది. దాని మీద హిమాచల్ కొండల్లో స్పితి దాకా పోయి రావాలన్నది ఆమె కోరిక. రెండేళ్ళు అర్జీలు పెట్టి పెట్టి, ఇప్పటికి ఇరవై నాలుగు రోజుల సెలవు మంజూరు చేయించుకుంది. ఇరవై నాలుగు రోజులంటే రైల్వేలో చిన్న విషయం కాదు. ఈసారి పోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు.

బండి వచ్చిన రోజునే ఊరు తీర్పు చెప్పేసింది. ఇటలీ బండి చూడ్డానికే గాని దూరానికి పనికిరాదని, నడిరోడ్డు మీద వదిలేస్తుందని, ఒక్క వాషరు కావాలన్నా ఓడ మీద రావాలని. చెప్పినవాళ్ళలో ఒక్కరు కూడా ఇటలీ బండి ఎక్కి ఊళ్ళోనే ఉన్న గోల్‌బజార్ దాకా వెళ్ళిన పాపాన పోలేదు. ఫణీంద్ర కూడా మొదట్లో ఆ మాటే అన్నాడు. తర్వాత మౌనిక ఫోనులో చూపించిన బండి పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్క భాగం విప్పి చూశాక అభిప్రాయం మార్చుకున్నాడు. ఇది చెడ్డ బండి కాదు, పట్టింపులున్న బండి. ఇన్ని వేల కిలోమీటర్లకి బెల్టు మార్చమంటే మార్చాలి, వాల్వులు చూడమన్నప్పుడు చూడాలి, వాయిదా వేస్తే అలుగుతుంది. వ్యాగన్లకీ అంతే. ఎప్పుడు బాగుచెయ్యాలో వాటి ఒంటి మీదే తారీఖులు రాసి ఉంటాయి గనక వాటినెవరూ తిట్టరు.

అయినా మూడుసార్లు ఆగింది. మొదటిసారి బాంకురా దగ్గర వానలో, సీటు కింద వైర్లు కలిసేచోట తుప్పు పట్టి. అది నిజంగా బండి లోపమే. అక్కడికి నీళ్ళు చేరకుండా మూత పెట్టాల్సింది, పెట్టలేదు. రెండోసారి ఝాడ్‌గ్రాం రోడ్డులో, సీసాల్లో అమ్మే కల్తీ పెట్రోలు పోయించుకుని. మూడోసారి, రెండు నెలల కిందట, పూరీ వెళ్తూ బాలాసోర్ దాటాక. ఇంజన్ అడుగున ఆయిలు వదిలే బోల్టు ఊడిపోయి, వేడి ఆయిలు వెనక చక్రం మీద పడి, బండి జారి మౌనిక రోడ్డున పడింది. మోచేతికి తొమ్మిది కుట్లు. వెనక వస్తున్న లారీవాడు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి తొమ్మిది కుట్లతో పోయింది.

మూడుసార్లూ మినీ ట్రక్కు మాట్లాడుకుని వెళ్ళి బండిని తెచ్చింది ఫణీంద్రే. మూడోసారి షెడ్డులో దాని కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూడగానే విషయం తెలిసిపోయింది. బోల్టు పట్టే చోట త్రెడ్డు మొత్తం లేచిపోయి, అల్యూమినియం సన్నటి చుట్టలుగా వేలాడుతోంది. వ్యాగన్ ఇనుము ఆయన పావు తిప్పుని తట్టుకుంటుంది. ఈ మెత్తటి లోహం తట్టుకోదు. ఎంత బిగించాలో పుస్తకంలో అంకె వేసి మరీ రాశారు. పూరీ ప్రయాణానికి ముందురోజు ఆయిలు మార్చింది ఆయనే. చాలనిపించాక ఇంకొక్క పావు తిప్పిన సంగతి ఆ చేతికి బాగా గుర్తుంది.

వర్క్‌షాపు అలవాటు కొద్దీ ఆయన షెడ్డులో కూడా ఒక పొడుగు పుస్తకానికి గీతలు కొట్టి రిజిస్టరుగా పెట్టుకున్నాడు. తారీఖు, ఎక్కడ ఆగింది, ఏం పాడైంది, కారణం, ఫిట్టరు సంతకం, సూపర్‌వైజరు సంతకం. చివరి గడి ఎప్పుడూ ఖాళీయే. ఆ రోజు కారణం దగ్గర కలం ఆగిపోయింది. ఫిట్టర్లు టీ తాగుతూ అనుకునే వేళాకోళం ఒకటుంది. ఇంట్లో కూర మాడినా, కొడుకు పరీక్ష తప్పినా, సైకిల్ చైను తెగినా "మెటీరియల్ ఫెయిల్యూర్" అంటారు. అంటే సరుకే చెడ్డది, చేసినవాడి తప్పేమీ లేదని. ఆఫీసు కాగితం మీద ఆ వేళాకోళం రాసే ధైర్యం ఎవరికీ ఉండదు. ఫణీంద్ర తన సొంత పుస్తకంలో రాసేశాడు. ఇటలీవాడు నిమ్‌పురా దాకా వచ్చి అడగబోతాడా అనుకున్నాడు.

బండిని మాత్రం బాగుచేశాడు. లేతు మీద రంధ్రం పెద్దది చేయించి, లోపల ఉక్కు బుష్ వేయించి, కొత్త బోల్టు దిగేలా చేశాడు. ఇప్పుడది మునుపటికంటే గట్టిది. కానీ మౌనిక వచ్చి మోచెయ్యి చూసుకుని బండిని తిట్టినప్పుడల్లా ఆయన పానాలు అటూఇటూ సర్దేవాడు. చెప్పేద్దామనుకునేవాడు. అలసటగా ఉండేది, రేపు చెబుదాంలే అనుకునేవాడు. అలా రెండు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మౌనిక గోల్‌బజార్‌లో బట్టల దుకాణం నడిపే చెన్నకేశవరావు కొడుకు వెంకటసాయిని వెంటబెట్టుకుని వచ్చింది. బండి అమ్మేస్తానంది. స్పితి ప్రయాణం మానుకున్నానని, సెలవు కూడా వెనక్కి ఇచ్చేస్తానని చెప్పింది. వెంకటసాయికి దూరాలతో పనిలేదు, దుకాణం ముందు నిలబెడితే నలుగురూ చూస్తే చాలు. మౌనిక నిజాయితీ గల పిల్ల, ఏదీ దాచకుండా రిజిస్టరు తీసి అతని ముందు పెట్టి మూడు ఫెయిల్యూర్లూ చదివి వినిపించింది.

నిజం చెప్పాలంటే ఫణీంద్రకి లోలోపల ఊరటే కలిగింది. బండి వెళ్ళిపోతే దాంతోపాటు ఆ త్రెడ్డూ వెళ్ళిపోతుంది, ఇక ట్రక్కులు మాట్లాడుకుని పరిగెత్తే పని ఉండదు. స్టూలు మీద కూర్చుని, మాట్లాడకుండా చేతులు తుడుచుకుంటున్నాడు. వెంకటసాయికేదో అనుమానం వచ్చి, మెకానిక్ మంచివాడైతే బండి నిలబడేదేమో కదా అన్నాడు. మౌనికకి కోపం వచ్చింది.

"బాబాయ్ సెయ్యి సంగతి నీకు తెల్దు," అంది. "ఆ సేతిలో ఉండి కూడా ఆగిందంటే, ఈ బండి ఎవుల సేతిలోనూ నిలబడదు."

ఆ మాటతో ఫణీంద్రకి కూర్చోవడం కష్టమైపోయింది. ఇన్నాళ్ళూ తను మౌనంగా ఉన్నాడనే అనుకున్నాడు. ఆ మౌనం బండి మీద సాక్ష్యం చెబుతోందని అప్పుడు అర్థమైంది. ఏ పేరుని చూసుకుని కుర్చీ లేకపోయినా తలెత్తుకు తిరిగాడో, ఆ పేరే ఈ పిల్ల దారికి అడ్డంగా పడి ఉంది.

"అమ్మా, ఆ మూడోది నేను తప్పు రాసినాను," అన్నాడు. "నా సెయ్యే. పుస్తకంలో అంకె సూడకుండా బిగించేసినాను, త్రెడ్డు పోయింది. అందులో బండిది ఏటీ నేదు."

మౌనిక చొక్కా చెయ్యి కిందికి లాక్కుని కుట్ల మచ్చ కప్పుకుంది.

"నీకెప్పుడు తెల్సింది?"

"తెచ్చిన రోజునే."

"నేను సచ్చిపోయుంటే ఆ గడిలో ఏటి రాసేవోడివి, బాబాయ్?"

సిగ్గుతో ఫణీంద్ర మొహం మండిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, ఎక్కడికైనా పారిపోవాలనిపించింది, మోకాళ్ళు సహకరించవు గనక కూర్చున్నాడు. వెంకటసాయి గొంతు సవరించుకుని మళ్ళీ వస్తానని జారుకున్నాడు. గోల్‌బజార్‌కి వార్త చేరడానికి అతనొక్కడు చాలు. మౌనిక బండిని అక్కడే వదిలేసి నడిచి వెళ్ళిపోయింది.

సత్యవాణి టీ తెచ్చి పక్కన పెట్టింది. లోపల్నుంచి అంతా విన్నదే. ఇప్పటికైనా చెప్పావు, అని మాత్రం అంది. టీ చల్లారిపోయింది.

తర్వాత మూడు రోజులు షెడ్డుకి ఎవరూ రాలేదు. నాలుగో రోజు పొద్దున్నే మౌనిక డ్యూటీ దిగి, యూనిఫారంలోనే, చేతిలో పొడుగు పెట్టె పట్టుకుని వచ్చింది. అందులో అంకెలున్న టార్క్ రెంచి ఉంది, ఎంత బిగించాలో పెట్టుకుంటే అంత కాగానే టక్కుమంటుంది. వర్క్‌షాపులో ఆయన ఎప్పుడూ పక్కన పడేసిన సాధనమే. క్షమించానని గాని, క్షమించలేదని గాని ఆమె అనలేదు. ఆయిలు మార్చాలంది. ఆయన పానా అందుకోబోతే వద్దని తల అడ్డంగా ఊపి, తనే చాప పరుచుకుని బండి కింద దూరింది.

ఫణీంద్ర పక్కన గొంతుక్కూర్చుని అంకె చదివాడు. ఆమె తిప్పింది. టక్కుమంది. ఆయన అరచెయ్యి ఆ పావు తిప్పు కోసం దురద పెట్టింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

మౌనిక లేచి చేతులు కడుక్కుని రిజిస్టరు తెరిచింది. మూడో వరుసలో "మెటీరియల్" అన్న మాట అప్పటికే కొట్టేసి ఉంది, దాని పైన ఆయన వంకర అక్షరాల్లో "ఫిట్టరు చెయ్యి" అని ఉంది. మౌనిక అది చదివింది. కొత్త వరుసలో తారీఖు వేసి, ప్రయాణానికి ఫిట్ అని రాసి, ఫిట్టరు గడిలో తన సంతకం పెట్టింది. పుస్తకం ఆయన వైపు తిప్పింది. తన చోటు నిండిపోయి ఉండటం చూసి ఫణీంద్ర కలం మూసెయ్యబోయాడు.

"అక్కడ కాదు బాబాయ్. ఆ సివరి గడిలో."

ముప్పై ఎనిమిదేళ్ళు వర్క్‌షాపులో అలాంటి గడిలో ఇతరుల సంతకాలు చూసినవాడే గాని పెట్టినవాడు కాదు. ఆయన సంతకం గీత దాటి పక్కకి పోయింది. మౌనిక ఊది ఆరబెట్టి పుస్తకం మూసింది, సెలవు సోమవారం నుంచి మొదలని చెప్పింది.