మామ బొటనవేలు

మా మేనమామను తలుచుకుంటే ఆయన బొటనవేలే గుర్తొస్తుంది. ఎడ్ల బేరగాడు. ఆ వేలితో పండ్లు తడిమి ఎద్దు వయసు చెప్పేవాడు.

నా ఏడేళ్ల ల్యాప్‌టాప్ మార్చాలా వద్దా అని నేను నలుగుతుంటే, మూత తెరిచి మీటలు తడిమాడు.

"మూడు ఊడినయి, అల్లుడా. ఇగ దుక్కికి పనికిరాదు. ఇచ్చెయ్."

షాద్‌నగర్‌లో పాత ల్యాప్‌టాప్‌లు కొనే దుకాణానికి తానే దాన్ని సంకన పెట్టుకొని వచ్చాడు. సంతలో లాగే దుకాణదారు చేతిమీద తువ్వాల కప్పి, కింద వేళ్లు నొక్కి బేరం చేశాడు. అతను నవ్వాపుకుంటూ ఒప్పుకున్నాడు.

"గిప్పుడు దీన్నేం జేస్తరు?" అన్నాడు మామ.

"విప్పి, దేనికది అమ్ముతం."

మామ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకున్నాడు.

"కోతకైతే ఇయ్య."

బస్సులో ఊరొచ్చేదాకా దాని వీపు నిమురుతూనే ఉన్నాడు.