సెలవు వంతు

నా పెళ్లి ఎమ్మిగనూరులో జరిగింది. పెళ్లికూతురు మా మామూ కూతురు. మామూ అంటే మా అమ్మ తమ్ముడు. నేను నడక నేర్చే రోజుల్లోనే ఇంగ్లండ్ పోయి, అక్కడ ఒక బట్టల మిల్లులో కుదిరాడు. ఆమె అక్కడే పెరిగింది. ఇంట్లో ఉర్దూ, బయట ఇంగ్లీషు. తెలుగు ఒక్క ముక్క రాదు. నిఖా తర్వాత డెబ్బై రెండు రోజులు ఆదోనిలో మా ఇంట్లో ఉంది. పత్తి గింజలు తీసే జిన్నింగ్ ఫ్యాక్టరీల నుంచి గాల్లో తేలివచ్చే దూది ఒంటికి పడక ఒకటే తుమ్ములు. తుమ్మిన ప్రతిసారీ నా వైపు చూసి నవ్వేది. అవి డెబ్బై రెండు రోజులని అప్పుడు నాకు తెలియదు. తర్వాత మద్రాసు వీసా ఆఫీసులో అడిగితే వేళ్లు ముడిచి లెక్కపెట్టి చెప్పాను.

ఆమె వెళ్లిపోయింది. భర్తగా నాకు వీసా రావాలి. కాగితాలు పెట్టి ఏడాది దాటినా ఇంటర్వ్యూకు తేదీ రాలేదు. మా నాయనది మార్కెట్ వీధిలో చిన్న టైలరు దుకాణం. నేనూ అక్కడే మిషను తొక్కేవాణ్ని. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతివాడూ అడిగేవాడు.

"ఏమప్పా, ఇంగా ఈడనే ఉండావే? పెండ్లాం రావద్దనిందా ఏంది?"

నవ్వి ఊరుకునేవాణ్ని. ఒకరోజు మా నాయనే పదిమంది ముందర అన్నాడు. "వీనికి ఆడ ఇల్లు లేదు, ఈడ పని లేదు. మధ్యలో యాలాడుతుండాడు." ఆ వారంలోనే కువైట్‌కు మనుషుల్ని పంపే ఏజెంటును కలిశాను. వీసా వచ్చేదాకా అని అందరికీ చెప్పాను. ఆమెకూ అదే రాశాను. ఊరికే కూర్చోవడం కన్నా మంచిదేనని జవాబు రాసింది.

కువైట్‌లో గుడారాలు కుట్టే షెడ్డులో పని. మందపాటి గుడ్డ, లావు సూది, మధ్యాహ్నానికి రేకుల కప్పు కింద ఊపిరి ఆడేది కాదు. అక్కడున్న వాళ్లలో తెలుగువాళ్లం ఇద్దరమే. రెండోవాడు చిప్పగిరి దగ్గర పల్లెవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. వరుసగా మూడేళ్లు వానలు లేక చేను బీడుపడితే వచ్చాడు. గుడ్డ చుట్టలు మోసేవాడు. ఊళ్లో తల్లి, ఆమెను చూసుకునే చెల్లెలు తప్ప ఎవరూ లేరు. నేను అన్నా అనేవాణ్ని. తనకంటే చిన్నవాణ్నయినా నన్ను అప్పా అనేవాడు, నాకు చదువు వచ్చని.

అతనికి అక్షరం రాదు. ఊళ్లో అయ్యవారి చేత చెల్లెలు రాయించే ఉత్తరాలు నేనే చదివి వినిపించేవాణ్ని. జవాబులు నేనే రాసేవాణ్ని. చివర్న అతను బొటనవేలికి సిరా అద్దుకొని జాగ్రత్తగా ముద్ర వేసేవాడు.

పాస్‌పోర్టులన్నీ యజమాని బీరువాలో ఉండేవి. మా ఇద్దరిదీ ఒకే దిక్కు కాబట్టి ఒకరికొకరిని జామీను పెట్టాడు. ఒకడు సెలవు మీద పోతే రెండోవాడు ఉండాలి. పోయినవాడు తిరిగొస్తేనే ఉన్నవాడికి సెలవు. మొదటి వంతు అతనిది. శ్రావణానికి ముందు పోవాలని అప్పటికే యజమానితో చెప్పి పెట్టుకున్నాడు.

ఒక శుక్రవారం పొద్దున రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి నాది. ఇంటర్వ్యూ తేదీ వచ్చింది, ఇంకా మూడు వారాలే ఉంది, ఆ రోజు రాకపోతే దరఖాస్తు మూసేస్తారని మా నాయన రాయించాడు. రెండోది అతనిది. తలంటుకొని, తడి తువ్వాలు భుజాన వేసుకొని నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సదువప్పా. అమ్మ ఏమనిందో."

ముందు మనసులో చదువుకున్నాను. తల్లికి బాగాలేదని ఉంది. వెంటనే రమ్మని ఉంది. అతను పోతే మూడు నెలలకు గానీ తిరిగిరాడు. కాగితం నా చేతిలో ఉంది. అతని కళ్లు నా నోటి మీద ఉన్నాయి.

"అమ్మ బాగుందంట" అన్నాను. "వానలు పడినాయంట. తొందరపడి రావద్దు, పంట ఇంటికొచ్చినాక రమ్మని రాయించింది."

"అంతేనా? ఇంగేం లేదా?"

అతని ముఖం ఇంకా ఏదో కావాలన్నట్టు ఉంది. అంతటితో ఆగి ఉండవచ్చు. ఆగలేదు.

"ఉరుకుంద పోయొచ్చిందంట, ఈరన్నస్వామి దగ్గరికి."

"బస్సులోనా? ఆ యమ్మ బస్సెక్కితే వాంతులు చేసుకుంటాది గదప్పా!"

"నిమ్మకాయ వాసన చూసుకుంటా కూర్చుందంట. ఏం కాలేదంట."

అతను తొడ చరుచుకొని నవ్వాడు. "నిమ్మకాయ! ఎవురు సెప్పినారో ఆ యమ్మకు!" చాలాసేపు నవ్వాడు. తర్వాత నా ఉత్తరంలో ఏముందని అడిగాడు. చెప్పాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"అయితే నువ్వు పో. నాకేం తొందర? నీ సంసారం నిలబడాల గదా."

తనే నన్ను యజమాని దగ్గరికి తీసుకుపోయాడు. తన వంతు నాకిచ్చినట్టు కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆ సాయంత్రం తల్లికి జవాబు రాయమన్నాడు. నువ్వు ఉరుకుంద పోయినందుకు సంతోషం, ఒళ్లు జాగ్రత్త అని చెప్పాడు. నేను మాత్రం, నాకు సెలవు ఇవ్వలేదు, ఇప్పట్లో రాలేను అని అతని మాటగా రాశాను. దాని కింద కూడా వేలిముద్ర వేశాడు.

మద్రాసులో ఇంటర్వ్యూ గంటన్నర జరిగింది. ఆఫీసరు ఇంగ్లీషులో అడిగితే పక్కనున్నతను తెలుగులో చెప్పేవాడు. మీ భార్య పడుకునే గది గోడలు ఏ రంగు? చూడలేదన్నాను. పెళ్లి తర్వాత ఎన్ని రోజులు కలిసున్నారు? చెప్పాను. ఆమె వచ్చి ఆదోనిలో ఎందుకు కాపురం చేయకూడదు? పుట్టి పెరిగింది అక్కడ సార్ అన్నాను. అయితే మీ ఇంట్లో ఆడవాళ్లు చెప్పినట్టు మగవాళ్లు నడుచుకుంటారా?

"పని కోసం కువైట్ వెళ్లారు కదా?"

"వీసా వచ్చేదాకా అని పోయినాను సార్."

"అంటే పని దొరుకుతుందంటే ఏ దేశమైనా వెళ్తారు."

"కాదు సార్, ఈ వీసా కోసమే..."

"ఈ వీసా కోసమే. సరే" అని రాసుకున్నాడు.

బయటికి వస్తుంటే తెలుగులో చెప్పినతను నెమ్మదిగా అన్నాడు, "కువైట్ సంగతి కాగితాల్లో లేకుండా ఉంటే బాగుండేది." నెల తర్వాత ఉత్తరం వచ్చింది. ఇతను పని కోసం దేశాలు తిరిగే మనిషి, ఈ పెళ్లి మా దేశంలో అడుగుపెట్టడానికే చేసుకున్నాడు అని అందులో ఉంది. పోస్టాఫీసు పక్క గుమాస్తాతో చదివించుకుంటే, రెండోసారి ఇంకా గట్టిగా చదివాడు, నాకు వినపడలేదనుకొని.

మామూ అక్కడ వకీలును పెట్టాడు. అప్పీలు తేలేదాకా గల్ఫ్ ముఖం చూడొద్దని వకీలు మాటగా రాశాడు. నేను తిరిగి పోకపోతే జామీనుగా ఉన్నతను కదలలేడు. అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా పోలేదు. యజమాని మనుషుల నుంచి రెండు ఉత్తరాలు వస్తే విప్పకుండానే మిషను కింద పడేశాను.

మరుసటి ఏడాది ఇంగ్లండ్ నుంచి ఆమె వచ్చింది. కొన్ని నెలలు కలిసి ఉంటే అప్పీలు బలపడుతుందని వకీలు అన్నాడట. ఆ మాట ఆమె నాతో చెప్పి సిగ్గుపడింది. దుకాణం వెనకే మా ఇల్లు. గుండీలు కుట్టడం నేర్చుకుంది. ఆ నెలల్లో నేను సంతోషంగా ఉన్నాను, దాపరికం లేకుండా చెప్పాలంటే అతను గుర్తుకే రాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అతను దుకాణంలోకి వచ్చాడు. కువైట్ ఒప్పందం ముగిసేదాకా పంపలేదు, ముగిశాక పంపేశారు. ముందరి పళ్లు రెండు లేవు. పైజామాలకు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు బల్ల మీద కూర్చుని ఉన్నారు. అతను వాళ్ల పక్కన కూర్చొని, జేబులోంచి మడతలు పడిన కాగితం తీసి మిషను మీద పెట్టాడు.

"సదువప్పా."

"ఇది ఎప్పటిదో గదన్నా."

"అవు. ఒకసారి నువ్వు సదివినావు. ఇంగోసారి సదువు. రాసిండేది రాసిండేట్టు."

కొలతలకు వచ్చినవాళ్లు మాటలు ఆపి చూస్తున్నారు. నేను చదివాను. "అమ్మ వారం దినాల నుంచి అన్నం ముట్టలేదు. ఆలూరు డాక్టరు లాభం లేదన్నాడు. నీ పేరే పిలుస్తోంది. నిన్ను ఉరుకుందకు తీసుకొస్తానని మొక్కుకుంది. ఎట్లయినా బయలుదేరి రా."

"ఇంగ?"

"అంతే అన్నా."

"నిమ్మకాయ యాడుంది?"

నేను కాగితాన్ని అతని వైపు జరిపాను.

"అమ్మ పోయిందని వచ్చిన జాబు, నువ్వు పోయినాక వచ్చిన కడప డ్రైవరు సదివి సెప్పినాడు. నువ్వు సెలవు లేదని రాయిస్తివి, మేమే మన్ను చేస్తిమి అని ఉండాదంట అందులో. నేను యాడ రాయించినానని నా పెట్టెలో కాగితాలన్నీ వాని ముందర పోస్తిని." అతని గొంతు పెద్దది కాలేదు. "అది సరేలే. నీ అవసరం నీది. బాగుందంట అని వదిలేసుంటే సరిపోయేది గదప్పా. నిమ్మకాయ ఎందుకు పెట్టినావు? నేను దాన్ని తలుసుకోని తలుసుకోని నగుకుంటిని, ఆ యమ్మ సచ్చినాక గూడా."

అప్పుడే నా భార్య లోపలి నుంచి టీ తెచ్చింది. అతని కళ్లల్లో నీళ్లు చూసి, ఏమైందని నన్ను ఉర్దూలో అడిగింది.

"వాళ్లమ్మ చనిపోయింది" అని ఉర్దూలోనే చెప్పాను. "చదువు రాదు పాపం. ఉత్తరం చదివించుకోవడానికి వచ్చాడు."

కువైట్‌లో ఉర్దూవాళ్ల మధ్య నాలుగేళ్లున్నవాడికి ఉర్దూ అర్థమవుతుంది. చెబుతుండగానే అది నాకు గుర్తొచ్చింది. అతను తలెత్తి నన్ను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. టీ గ్లాసు అందుకొని చివరిదాకా తాగాడు. గ్లాసు ఆమె చేతికే ఇచ్చి, కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. బల్ల మీది ఇద్దరూ కొలతలు ఇవ్వకుండానే లేచి వెళ్లిపోయారు.

ఆమె ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక వకీలు ఒక మాట అడిగాడట, అల్లుడు మంచివాడని తెలిసినవాళ్ల చేత కాగితాలు రాయించండని. ఆమె నాకు రాసింది: చదువు రాని ఆ పెద్దాయనకు నువ్వు ఉత్తరాలు చదివిపెట్టావు కదా, ఆయన చేత రాయించు, అంతకంటే మంచి సాక్షి ఎవరు?

ఆ ఉత్తరం పట్టుకొని పది రోజులు తిరిగాను. పదకొండో రోజు కాగితం టైపు చేయించి, సిరా డబ్బా తీసుకొని చిప్పగిరి బస్సెక్కాను.

అతను ఇంటి ముందర వేరుశనక్కాయలు ఆరబోస్తున్నాడు. చెల్లెలు నన్ను చూసి, ఎవరో చుట్టం అనుకొని చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఇయ్యద్దు" అన్నాడు. ఆమె చెంబు పట్టుకొని అట్లే నిలబడింది.

సంగతి చెప్పాను. నా భార్య అడిగింది కాబట్టి వచ్చానని కూడా చెప్పాను.

"ఏం రాసినావు దాంట్ల?"

"నీకు ఉత్తరాలు సదివి పెట్టినానని. నమ్మకస్తుణ్నని."

అతను కాసేపు కాయలు చేత్తో పలచగా నెరిపాడు. "టీ ఇచ్చిన ఆ పిల్లేనా?"

"ఆమేనన్నా."

"యాడ ఎయ్యల్ల?"

చూపించాను. సిరా అద్దుకొని ముద్ర వేశాడు. ఎప్పటిలాగే జాగ్రత్తగా, అలుక్కుపోకుండా. వేలు గోడకు తుడుచుకొని అన్నాడు, "ఇంగ ఈ ఊరికి రావద్దప్పా."

రోడ్డు దాకా ఎండలో నడిచాను. కాగితం తడి ఆరేదాకా మడవకుండా రెండు చేతులతో పట్టుకొని నడిచాను.

అప్పీలు గెలిచాం. ఆ కాగితాన్ని ఎవరైనా చదివారో లేదో తెలియదు. విమానం దిగేసరికి ఆమె, మామూ వచ్చి ఉన్నారు. ఆమె నాకోసం తెచ్చిన కోటు తొడిగి గుండీలు తనే పెట్టింది. తర్వాతి వారం నుంచి ఒక రొట్టెల ఫ్యాక్టరీలో పనికి పోయాను. ఆమె గది గోడలు లేత పసుపు రంగు.

ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆమె చెప్పేది, మా ఆయన ఊళ్లో చదువు రానివాళ్లకు ఉత్తరాలు చదివిపెట్టేవాడు అని. నేను రొట్టె తుంచుకుంటూ కూర్చునేవాణ్ని. ఒక చలికాలం ఆమె ఆ పెద్దాయన కోసమని బూడిదరంగు ఊలు టోపీ అల్లి, పోస్టు చేయమని నాకిచ్చింది. ఫ్యాక్టరీ వెనక చెత్తడబ్బాలో వేశాను. రెండు నెలల తర్వాత ఆయన ఏమైనా రాయించాడా అని అడిగింది.

"రాయించాడు" అన్నాను. "సరిగ్గా సరిపోయిందంట. చెవులు కూడా కప్పుతోందంట."