ఎర్ర అంకె లేని మంగళవారం

2025 ఫిబ్రవరి. తమిళనాడులో, ఆంధ్ర ఎల్లకు దగ్గరున్న గుడియాత్తం బజారులోని మా బ్యాంకు శాఖలో లాకర్లు చూసే పని నాది. వేలూరు బాగాయం నుంచి రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. లాకర్ల గదికి రెండు తాళంచెవులు. ఒకటి నా దగ్గర, ఒకటి మేనేజరు దగ్గర ఉంటాయి. దీన్ని జాయింట్ కస్టడీ అంటారు, అంటే ఇద్దరం కలిస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. సెలవునాడు తెరవాలంటే పై ఆఫీసు అనుమతి కావాలి, అది అంత తేలిగ్గా దొరకదు.

ఆ సోమవారం సాయంత్రం మూసే వేళకు పాత్రల కొట్టు సరోజమ్మ వచ్చి, నాకు బొట్టు పెట్టి, కొడుకు పెళ్ళిపత్రిక ఇచ్చింది. బుధవారం ఉదయం పలమనేరులో, ఆడపిల్లవాళ్ళ ఊళ్ళో పెళ్ళి.

"రేపు బ్యాంకు తెరవంగానే మా అత్త వస్తాదమ్మా. తాళిబొట్టు, నగలు తీసుకొని ఈడనించే కారెక్కుతాము" అంది. బంగారాన్ని ఒక్క రాత్రి కూడా ఇంట్లో ఉంచకపోవడం వాళ్ళింటి పద్ధతి.

నేను పత్రిక పక్కన పెట్టేశాను. "రేపు తై పూసం. బ్యాంకు లీవు కదమ్మా!"

"పూసమని తెలుసు. దానికి బ్యాంకు మూస్తారా? మా క్యాలెండర్లో ఎర్ర అంకె లేదే!"

ఎందుకుంటుంది? ఇక్కడి తెలుగు వర్తకులు ముహూర్తాల కోసం చిత్తూరు నుంచి తెలుగు క్యాలెండరు తెప్పించుకుంటారు. చాలామందికి తెలుగు మాట వచ్చుగానీ అక్షరం రాదు, ముహూర్తాలు పంతులే చదివి చెబుతాడు. సెలవులకు ఎర్ర అంకెలే గుర్తు, ఆ ఎర్ర అంకెలేమో ఆంధ్రావి. పండగ సెలవులు ఏ రాష్ట్రం లెక్క దానిదే. సుబ్రహ్మణ్యస్వామి పండగైన తై పూసానికి తమిళనాట బ్యాంకులు మూస్తారు, ఎల్ల దాటితే మూయరు.

పోనీ ఇప్పుడే తీసుకెళ్ళమందామంటే లాకరు ఆమె అత్త నాగరత్నమ్మ ఒక్కరి పేరునే ఉంది. ఆమె సంతకం పెట్టాలి, ఆమె నడుముకు వేలాడే తాళంచెవి రావాలి. ఆమె చూస్తే ఒడుగత్తూరులో పత్రికలు పంచుతోంది.

"బొట్టు లేకుండా ఏం మొగం పెట్టుకొని పోయేదమ్మా పలమనేరికి?" అంటూ సరోజమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

నేనే ఆమె భర్త శ్రీరాములుకు ఫోను చేశాను. ఆయన తల్లిని కారెక్కించమని ఒడుగత్తూరుకు కబురు చెప్పి, పరుగున బ్యాంకుకు వచ్చాడు. మేనేజరు అప్పటికే సంచి భుజాన వేసుకున్నారు. సంగతి చెప్పాను. "సరి మేడమ్, వెయిట్ పణ్ణలాం" అన్నారు. ఆగుదాం అని సంచి దించి కూర్చున్నారు.

శ్రీరాములు మాత్రం కూర్చోలేదు. "రాష్ట్రానికొక లీవేందమ్మా ఇది? గవర్నమెంటు దేశమంతటికీ ఒకటే పెట్టకూడదా?"

ఇలాంటి మాటకు ఊరుకునే రకం కాదు నేను. "పెట్టొచ్చప్పా. అప్పుడు మన ఉగాదికి ఈడ లీవు యాడుంటాది? తమిళ సర్కారు ఇస్తా ఉంటే హాయిగా పచ్చడి తింటా ఉండావే!"

అంత కంగారులోనూ ఆయనకు నవ్వొచ్చింది. సరోజమ్మ నవ్వలేదు, ఆమె చూపంతా గేటు మీదే ఉంది.

చివరికి నాగరత్నమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కింది. సంతకం సరిచూశాను. ఆమె చెవి, బ్యాంకు చెవి కలిసి తిరిగాయి. ఆమె తాళిబొట్టు పెట్టెను కళ్ళకద్దుకొని, "నువ్వు చెప్పకపోయుంటే రేపు ఈ గేటుకాడ ఏడస్తా నిలబడుందుము తల్లీ" అంది. పద్ధతి తప్పి ఆ రాత్రి బంగారం ఇంట్లోనే ఉంది. పెద్దావిడ మాత్రం కన్ను మూయలేదట!

మర్నాడు ఎలాగూ సెలవే, బుధవారానికి లీవు అడిగి నా తాళంచెవి ఆఫీసులో అప్పగించి, నేనూ వాళ్ళతో కారెక్కాను. ఆ బొట్టు కోడలి మెడలో పడుతుంటే అక్షింతలు వేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత గర్వంగా నేనెప్పుడూ నిలబడలేదు, దాచుకోవడమెందుకు?

సెలవులన్నీ ఒకటి చేయమని నేను ఏ ప్రభుత్వాన్నీ అడగను. ఎవరి పండగ వాళ్ళకుండాలి. మూసే రోజును ముందుగా, మనిషికి అర్థమయ్యేలా చెప్పే పూచీ మాత్రం మాది. ఇప్పుడు లాకరు కోసం ఎవరొచ్చినా, మీ గోడకు ఏ ఊరి క్యాలెండరు ఉందని అడుగుతాను.

మొన్న జనవరిలో సరోజమ్మ కొత్త తెలుగు క్యాలెండరు, కుంకుమ భరిణె పట్టుకొచ్చి నా ఎదుట కూర్చుంది. నేను ఇక్కడి సెలవులు ఒక్కొక్కటే చెబుతుంటే, ఆ అంకెల మీద వేలితో బొట్లు పెట్టుకుంది. తై పూసం ఈసారి ఆదివారమే వచ్చినా, దానికి ఇంకాస్త పెద్ద బొట్టు పెట్టింది.