కోడిగుడ్డంత సందు

ముసలాయన ఉచ్చు కట్టాడంటే అందులో అడ్డుముడి ఉండి తీరాలి. ఎంత బిగిసినా కోడిగుడ్డంత సందు మిగలాలి. పెద్ద కుందేలు చిక్కాలి, పిల్ల జారిపోవాలి. రెండు వేళ్లు పెట్టి లాగి చూసుకోనిదే ఏ ఉచ్చూ పొద దగ్గర పెట్టడు. అలాంటి మనిషి వెనకాలే వెళ్లి అల్లుడు ఆ అడ్డుముడులన్నీ విప్పేశాడు. తెల్లారి చూస్తే ఉచ్చులో పిడికెడంత పిల్ల, మెడ బిగిసి చచ్చి ఉంది.

"వదిలేయడానికైతే ఉచ్చెందుకు మామా?" నవ్వాడు అల్లుడు.

"ఇంట్లో ఆరుగురం," అన్నాడు ముసలాయన. "తలా ఒక వెంట్రుక పంచుతావా? వచ్చే ఏడు ఈ గుట్ట మీద ఏం పడతావు, నీ తలకాయా?"

అల్లుడు దాన్ని సంచిలో వేయబోతే ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. "అరచేతిలో పెట్టుకుని నడు. నీ వేట ఎంతదో వీధిలో నలుగురూ చూడనీ." అల్లుడు గుప్పిట మూయకుండా కాపలా కాస్తూ ముసలాయన ఇంటిదాకా పక్కనే నడిచాడు.